గాజు నిలవాలంటే చెయ్యి కావాలి

మైసూరు ప్యాలెస్ చూసొచ్చిన వాళ్లని అక్కడ ఏం బాగుందని అడగండి. ముందు దర్బారు హాలు గురించి, బంగారు అంబారీ గురించి చెబుతారు. కాసేపాగి, 'అక్కడొక రంగుటద్దాల గుమ్మటం ఉంది, దాని కింద నిలబడితే కదలబుద్ధి కాలేదు' అంటారు. దసరా సెలవుల్లో నర్సీపట్నం నుంచి, అనకాపల్లి నుంచి బస్సు మాట్లాడుకుని వెళ్లొచ్చిన కుటుంబాల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. చదువుకున్న వాళ్లూ చదువుకోని వాళ్లూ ఒకే తీరుగా చెబుతారు. ఆ గుమ్మటాన్ని చూడ్డానికి ఎవరూ ఏమీ నేర్చుకుని వెళ్లక్కర్లేదు. తల ఎత్తితే చాలు.

అది కల్యాణ మండపం. ఎనిమిది పలకల హాలు. సన్నటి పోత ఇనుప స్తంభాలు పైకి వెళ్లి, అంతే సన్నటి ఇనుప చట్రాన్ని మోస్తాయి. ఆ చట్రం నిండా రంగు గాజు, గాజు నిండా నెమళ్లు, పూలు. కింద నేల పలకల్లోనూ నెమళ్లే. 1897లో రాజకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్లి వేడుకల్లో పాత చెక్క ప్యాలెస్ కాలిపోయింది. దాని స్థానంలో హెన్రీ ఇర్విన్ గీసిన కొత్త ప్యాలెస్ 1912కి పూర్తయింది. మళ్లీ నిప్పంటుకుంటుందన్న భయంతో కర్ర వాడకం తగ్గించి రాయి, ఇనుము, గాజు వైపు మొగ్గారు. పెళ్లి మండపం ఇనుమూ గాజూ స్కాట్లండులోని గ్లాస్గో నుంచి ఓడల్లో వచ్చాయి. స్తంభాలు పోసింది వాల్టర్ మాక్‌ఫర్లేన్ గారి సారసెన్ ఫౌండ్రీ.

ఇక్కడే నాకొక ప్రశ్న పుట్టింది. ఆ నెమలి పింఛంలో ఒక్క ముక్క రేపు రాలిపోతే దాన్ని చేసి పెట్టేవాళ్లు మన దక్షిణాదిలో ఎంతమంది? మన తెలుగు నేల మీద ఎంతమంది? కలంకారీకి శ్రీకాళహస్తి, పెడన ఉన్నాయి. కొయ్యబొమ్మకి కొండపల్లి ఉంది. లక్కబొమ్మకి నర్సీపట్నం పక్కనే ఏటికొప్పాక ఉంది. రంగు గాజుని కోసి, సీసంతో కుట్టి, కిటికీగానో గుమ్మటంగానో నిలబెట్టే పనికి మాత్రం మనకో ఊరు లేదు. వేరేవాళ్లు చేసిపెట్టిన పని మాత్రం మన దగ్గర ఉంది. అదీ చిన్నా చితకా పని కాదు.

మెదక్‌లో సూర్యుడి పని

తెలుగు వాళ్ల ఇంట రంగు గాజు గురించి మాట్లాడాలంటే మెదక్ నుంచే మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్‌కి కూడా అందమైన రంగుటద్దాల కిటికీలున్నాయి. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి, 2010లో అది హోటల్‌గా తెరుచుకుంది. కానీ అది డబ్బున్న వాళ్లు చూసే అందం. మెదక్ చర్చిలోకి ఎవరైనా వెళ్లొచ్చు. పల్లెల నుంచి చంటిబిడ్డల్ని ఎత్తుకుని వచ్చే తల్లులు కూడా ఆ కిటికీల ముందు కూర్చోవచ్చు. నా దృష్టిలో దాని విలువ అక్కడే ఉంది.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టిన చర్చి అది. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి పని చూపించి కూలి ఇస్తూ కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. 2024 క్రిస్మస్‌కి వందేళ్లు నిండాయి. అంత కట్టడంలో జనం ఎక్కువసేపు నిలబడేది మూడు కిటికీల ముందు. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. మూడూ ఒకేసారి పెట్టినవి కావు. ప్రతిష్ఠ తర్వాత దశాబ్దాల వ్యవధిలో ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరాయి.

వాటిని రూపొందించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఇంగ్లండు రాజకుటుంబానికి చిత్తరువులు వేసిన పేరున్న చిత్రకారుడు. 1937లో ఆరో జార్జి పట్టాభిషేకాన్ని చిత్రించింది ఆయనే. ఇంత పెద్ద చిత్రకారుడు కిటికీల పని ఎందుకు ఒప్పుకున్నాడా అనిపించవచ్చు. ఆయన పని నేర్చిందే గాజు మీద. సెయింట్ ఆల్బన్స్ ఊళ్లో అన్నగారికి రంగు గాజు కార్ఖానా ఉండేది. కుర్రతనంలో అక్కడ పనికి కుదిరాడు. కాన్వాసు ఆ తర్వాత వచ్చింది. పైగా ఆయన కూడా మెథడిస్టే. ఎక్కడో మెదక్‌లో తన మతం వాళ్లు కట్టుకున్న గుడికి అద్దం పని చేయడం ఆయనకి పరాయి పని కాదు.

మెదక్‌లో చూడాల్సింది కిటికీ ఒక్కటే కాదు, గంట గంటకీ మారే వెలుతురు. పొద్దున నీలాలు ముందుగా మేలుకుంటాయి. తక్కువ వెలుతురులోనూ నీలం వెలుగుతుంది, ఎరుపుకి ఎండ కావాలి. ఎండ ముదిరేకొద్దీ ఎరుపు పైకొస్తుంది. నేల మీద పడిన రంగు మరకలు పొద్దుతోపాటు జరుగుతాయి. సాయంత్రం చీకటి పడగానే లోపలున్న వాళ్లకి కిటికీ నల్లబడిపోతుంది. నల్లటి పలకలో సీసపు గీతలు మాత్రమే కనబడతాయి. లోపల ఎన్ని దీపాలు పెట్టినా లాభం లేదు. కాన్వాసు మీద బొమ్మ తన మీద పడ్డ వెలుతురుతో కనిపిస్తుంది, గాజు బొమ్మ తనలోంచి దూరి వచ్చే వెలుతురుతో కనిపిస్తుంది. అందుకే ఈ కళలో సగం పని సూర్యుడిది. కిటికీ ఏ దిక్కున ఉందో, బయట ఏ చెట్టు పెరిగిందో, ఎదురుగా ఏ మేడ లేచిందో కూడా బొమ్మలో భాగమే. ఎదురుగా నాలుగంతస్తుల బిల్డింగు లేస్తే ఎవరూ చెయ్యి వేయకుండానే బొమ్మ సగం చచ్చిపోతుంది.

ఒక్క గీతలో కోత

ఇంతకీ దీన్ని ఎలా చేస్తారు? ఈ పని చూడనివాళ్లు అద్దం మీద రంగు పూస్తారనుకుంటారు. కాదు. రంగు గాజులోనే ఉంటుంది. ఇసుక కరిగించేటప్పుడే లోహపు భస్మాలు కలుపుతారు. కోబాల్ట్ కలిపితే నీలం, మాంగనీసుతో ఊదా, ఇనుముతో ఆకుపచ్చ. రాగి ఎరుపునిస్తుంది. అయితే ఆ ఎరుపు ఎంత చిక్కనంటే, పలక మందమంతా అదే ఉంటే వెలుతురు దూరదు, నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్ల గాజు మీద ఎర్ర గాజుని పల్చటి పొరగా ఎక్కిస్తారు. ఆ పొరని అక్కడక్కడ గీకేస్తే ఎరుపు మధ్యలో తెలుపు మెరుస్తుంది. కిటికీ బొమ్మల్లో రాజుల ఎర్ర అంగరఖాల మీద తెల్ల పూలు ఇలా పూసినవే. నోటితో ఊదిన గాజులో చిన్న బుడగలు, గీతలు ఉంటాయి. మామూలు కిటికీకైతే అవి లోపాలు, ఇక్కడ అవే ప్రాణం. వెలుతురు వాటిలో చిక్కుకుని కదులుతుంది.

ముందు చిన్న కాగితం మీద రంగుల నమూనా వేస్తారు. దాన్ని కిటికీ అసలు కొలతకి పెంచి గీస్తారు. ఈ గీతలోనే కళాకారుడి పస తేలిపోతుంది. ఎక్కడ ముక్క ఆగాలి, ఎక్కడ సీసపు గీత పోవాలి అన్నది అప్పుడే తేలాలి. ముఖం మధ్యలోంచి గీత పోతే ముఖం చెడుతుంది. గీత లేకుండా పెద్ద ముక్క పెడితే అది నిలవదు. బలం కోసం వేసిన గీతే బొమ్మకి అందం తేవాలి. ప్రతి ముక్కకీ అంకె వేసి, కాగితం కత్తిరించి, గాజు పలక మీద పరిచి కోస్తారు.

కోత చూడాలి. చిన్న ఉక్కు చక్రమున్న కలంలాంటి పనిముట్టు. దాన్ని గాజు మీద ఆనించి ఒకే ఒత్తిడితో, ఒకే గీతలో లాగాలి. మధ్యలో ఆగకూడదు, గీసిన చోటే మళ్లీ గీయకూడదు. సరైన గీతకి పట్టు చీర చింపినట్టు సన్నటి చప్పుడొస్తుంది. పనివాడు కళ్లతో కంటే చెవితోనే గీతని తూచుకుంటాడు. తర్వాత రెండు చేతుల బొటనవేళ్లూ గీతకి చెరోవైపు పెట్టి కిందికి వంచితే గాజు గీత వెంబడే విడిపోతుంది. లోపలికి వంపు తిరిగే ముక్క అయితే అంత తేలిగ్గా రాదు. పట్టకారుతో కొసల్ని కొంచెం కొంచెంగా కొరుకుతూ దారికి తేవాలి. ఆ వంపులు కోసేటప్పుడే కొత్తవాళ్ల పలకలు ఎక్కువగా పగులుతాయి.

కళ్లు, వేళ్లు, బట్టల మడతలు గీయడానికి ఒక నల్లటి మందు ఉంది. ఇనుము, రాగి భస్మాల్లో మెత్తటి గాజు పొడి కలిపి, తుమ్మజిగురుతో నూరుతారు. కుంచెతో వేసి, ఆరాక పుల్లతో గీకి వెలుతురు గీతలు తెస్తారు. 600 డిగ్రీలు దాటిన కొలిమిలో కాలిస్తే ఆ గీత గాజుకి అతుక్కుపోతుంది. పసుపుకి మరో మార్గముంది. వెండి లవణం పూసి కాలిస్తే అది గాజులోకే ఇంకి బంగారు రంగు ఇస్తుంది. 14వ శతాబ్దం నుంచి యూరప్ పనివాళ్లు చేస్తున్న పద్ధతి ఇది. చర్చి కిటికీల్లో దేవదూతల జుట్టుకి ఆ రంగు ఇలాగే వచ్చింది.

చివరికి కుట్టడం. రెండువైపులా గాడి ఉన్న మెత్తటి సీసపు పట్టీలో ఒక పక్క ఈ ముక్క, మరో పక్క ఆ ముక్క దూరుస్తూ, జారిపోకుండా మేకులు దిగ్గొడుతూ బల్ల మీద బొమ్మని పేరుస్తారు. పట్టీలు కలిసిన ప్రతిచోటా టంకం వేస్తారు. అవిసె నూనెలో సుద్ద కలిపిన పుట్టీని గాడుల్లోకి బ్రష్షుతో రుద్దుతారు. నీళ్లు దూరకుండా ఆపేదీ, వదులుగా ఉన్న పలకని బిగించేదీ ఆ పుట్టీయే. పలక పూర్తయ్యాక అడ్డంగా ఇనుప కమ్మీలు పెట్టి రాగి తీగతో కడతారు.

సీసం అలిసిపోతుంది

గాజు దాదాపు చావులేనిది. సీసం అలా కాదు. ఎండకి గాజు ఎంత సాగుతుందో సీసం దానికి మూడింతలు సాగుతుంది. మెదక్‌లో మే నెల పగలు 40 డిగ్రీలు దాటుతుంది, జనవరి తెల్లవారుజాముల్లో చలి కొరుకుతుంది. రోజూ సాగడం, ముడుచుకోవడం. ఏళ్లు గడిచేకొద్దీ టంకం పక్కన సన్నటి చీలికలు పుడతాయి. పుట్టీ ఎండి రాలిపోతుంది. గాలి కొట్టినప్పుడల్లా పలక కదులుతుంది, కొన్నాళ్లకి కడుపులా ఉబ్బుతుంది. ఇనుప కమ్మీలు తుప్పు పట్టి లావై, పక్కనున్న రాయినీ గాజునీ నెడతాయి. సీసం ఆయుష్షు నూరేళ్లకి అటూ ఇటూగా ఉంటుందని ఈ పని తెలిసినవాళ్లు లెక్క వేస్తారు. మన పాత చర్చిల్లో, బంగళాల్లో, రాజుల ఇళ్లల్లో ఉన్న రంగుటద్దాలు చాలావరకు ఆ వయసుకి చేరుకున్నవే.

కిటికీయే ఇంత కష్టపెడితే గుమ్మటం మాటేమిటి? కిటికీ నిటారుగా నిలబడుతుంది, బరువు కిందికి దిగిపోతుంది. గుమ్మటంలో పలక వాలుగా పడుకుని ఉంటుంది. మెత్తటి సీసం తన బరువుకి తనే కుంగుతుంది. వాన నేరుగా మీద పడుతుంది. పావురాల రెట్ట, కోతుల గంతులు, పక్క డాబా మీంచి వచ్చే గాలిపటాల దారాలు. అందుకే తెలివిగా కట్టిన గుమ్మటాలన్నీ రెండు పొరలవి. పైన వానకీ గాలికీ ఒక మామూలు గాజు కప్పు, లోపల బొమ్మ.

పై కప్పు విషయంలో ఒక హెచ్చరిక ఉంది. అమెరికాలో చికాగో కల్చరల్ సెంటర్ అనే భవనంలో టిఫానీ కంపెనీ చేసిన గుమ్మటం ఉంది. 1897లో అది ఆ నగర గ్రంథాలయం. 38 అడుగుల అడ్డకొలత, దాదాపు 30,000 గాజు ముక్కలు. 1930ల్లో వాన కారుతోందని పైన కాంక్రీటూ రాగీ కప్పేశారు. గుమ్మటం తడవకుండా బతికింది, కానీ పగటి వెలుతురు పోయింది. విద్యుత్ దీపాల వెలుగులోనే తరాలు దాన్ని చూశాయి. 2008లో పలకలన్నీ విప్పి, శుభ్రం చేసి, పైన మళ్లీ అద్దపు కప్పు వేశాక ఆకాశం తిరిగొచ్చింది. మన దగ్గర పాత కట్టడాలకి సిమెంటు పూసి, రేకులు కప్పి 'కాపాడాం' అనుకునే అధికారులకి ఈ కథ చెప్పాలి. రంగు గాజుకి వెలుతురు ఆపేస్తే అది ఉన్నా లేనట్టే.

బోస్టన్‌లో ఉండే తెలుగు కుటుంబాలకి మ్యాపేరియం తెలిసే ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్తారు కాబట్టి. మూడంతస్తుల ఎత్తున్న గాజు గోళం. దాని కడుపులోంచి వంతెన వేశారు. నడుచుకుంటూ భూగోళం లోపలికి వెళ్లిపోతాం. 1935లో చెస్టర్ లిండ్సే చర్చిల్ అనే ఆర్కిటెక్టు కట్టాడు. మొత్తం 608 గాజు పలకలు. ఒక కొసన గుసగుసలాడితే రెండో కొసన వినబడుతుంది. అందులో ఇండియా ఇంకా విడిపోని ఇండియా. పలకలు మార్చే వీలుంది, దేశాల సరిహద్దులు మారినప్పుడల్లా మారుద్దామా అన్న చర్చ కూడా వచ్చింది. మార్చలేదు. ఇది పటం కాదు, కళాఖండం అని తేల్చుకున్నారు. 1998 నుంచి 2002 దాకా జరిగిన మరమ్మతుల్లోనూ 1935 ప్రపంచాన్ని అలాగే ఉంచారు. ఇది చాలా గొప్ప నిర్ణయమని నా నమ్మకం. పాత బొమ్మకి కొత్త మెరుగులు దిద్దాలన్న ఆత్రం మన గుళ్లల్లో ఎన్ని కుడ్యచిత్రాలని తినేసిందో మనకి తెలుసు.

ఇంగ్లండులో యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి తూర్పు కిటికీది మరో తీరు. 1405, 1408 మధ్య జాన్ థార్న్‌టన్ చేసిన పని. 311 పలకలు. 2008లో విప్పి, దశాబ్దం పాటు పనిచేసి 2018లో పూర్తి చేశారు. పగిలిన ముక్కని పారేయకుండా అంచులు కలిపి పారదర్శకమైన జిగురుతో అతికారు. బయటి చట్రంలో కొత్త మామూలు గాజు పెట్టి, పాత బొమ్మని కొంచెం లోపలికి జరిపి, మధ్య గాలి ఆడేలా వదిలారు. ఇప్పుడు వానా గాలీ కొత్త గాజుకి తగులుతాయి, పాతదానికి రెండువైపులా ఒకే గాలి. ఇదంతా చేయగలిగారంటే ఆ ఊళ్లో గాజు పనివాళ్లు ఉండబట్టే. రోజూ గాజు పనితో బతికేవాళ్లే పాత కిటికీ పిలిచినప్పుడు వెళ్లారు.

నేను చెప్పదలచింది ఇదే. కొత్తది చేయని చోట పాతది నిలవదు. మెదక్ కిటికీల్ని కాపాడాలంటే మెదక్ చుట్టూ కంచె కడితే చాలదు. ఎక్కడో ఒకచోట మనవాళ్లు గాజు కోస్తూ ఉండాలి.

వరాహ ఒడ్డున

ఆ ఎక్కడో అన్నది నర్సీపట్నం ఎందుకు కాకూడదు? బలిఘట్టం దగ్గర ఉత్తరానికి తిరిగే వరాహ నది, దిగువకి వెళ్లి ఏటికొప్పాకని తాకుతుంది. ఆ ఊళ్లో తరిణె మీద గిరగిరా తిరిగే అంకుడు కర్రకి లక్క బద్ద ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టేసుకుంటుంది. మొగలి ఆకు ఒత్తితే మెరుగు వస్తుంది. వేడి ఎంత ఉంటే రంగు ఎంత పారుతుంది, ఎంత ఒత్తితే ఎంత మెరుస్తుంది అన్నది ఆ చేతులకి పుట్టుకతో వచ్చినంత సహజం. రసాయన రంగులొచ్చి పాత రంగులు మరుగున పడినప్పుడు, పసుపు, జాఫ్రా, నీలిమందు, కరక్కాయల నుంచి మళ్లీ రంగులు తీసి ఊరి పనిని నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. పోయిందనుకున్న విద్యని తిరిగి తెచ్చుకున్న నేల ఇది. రంగు సంగతి తెలిసిన చేతులున్న చోట గాజు నేర్పడం కష్టం కాదు.

గాజుకి కావలసిన ఇసుక కూడా మనదే. నెల్లూరు వైపు చిల్లకూరు, కోట తీరాల సిలికా ఇసుక లారీలకి లారీలు గాజు ఫ్యాక్టరీలకి వెళ్తోంది. ముడిసరుకు అమ్ముకుంటున్నాం, పనితనం మాత్రం తెచ్చుకోలేదు.

చలికాలం వస్తే లంబసింగి మంచు చూడ్డానికి వెళ్లే కార్లు, బస్సులు నర్సీపట్నం మీదుగానే పోతాయి. టీ తాగి బయల్దేరతారు. ఊళ్లో కాసేపు నిలబెట్టే కొత్త కట్టడమొకటి ఉంటే నిలబడరా? తైవాన్‌లో కావోష్యుంగ్ నగరం మెట్రో స్టేషన్‌లో నార్సిసస్ క్వాగ్లియాటా చేసిన గాజు గుమ్మటం ఉంది. 2008లో తెరిచారు. 30 మీటర్ల అడ్డకొలత, 4,500 పలకలు. టికెట్టు కొని రైలెక్కే జనం రోజూ దాని కింద నుంచే నడుస్తారు. అంతది మనకి అక్కర్లేదు. పాతిక మంది నిలబడేంత, ఇరవై అడుగుల గుమ్మటం చాలు. కొండల మీద వలిసెపూల పసుపు, కాఫీ పండు ఎరుపు, మన్యం వాన ముందు ఆకాశపు నీలం. ఈ రంగులకి గ్లాస్గో వెళ్లాల్సిన పనిలేదు.

ఒక్కటే జాగ్రత్త. మన తీరం తుఫాన్ల తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో అద్దాల మేడల్ని ఏం చేసిందో చూశాం. కాబట్టి గుమ్మటం పుట్టకముందే దాని మరమ్మతు ఆలోచించాలి. త్రికోణాల ఉక్కు చట్రం కట్టాలి, త్రికోణం గాలికి నలగదు. గాలి దెబ్బ, వాన దెబ్బ మోయడానికి బయట రెండు పొరలు అతికిన గట్టి గాజు ఉండాలి. లోపల బొమ్మ పలకలు ఏ బరువూ మోయకుండా చట్రంలో వేలాడాలి. రెండింటి మధ్యా గాలి ఆడాలి, పైన వేడి పోయే కంత ఉండాలి. లేదంటే ఏప్రిల్ నాటికే అది బట్టీ అవుతుంది. పలకలు చిన్నవిగా, లోపలి నుంచి నలుగురు కలిసి విప్పుకునేలా ఉండాలి. ప్రతి పలకకీ అంకె, ప్రతి ముక్కకీ రంగు నమూనా, గీత కాపీ, ఫోటో పుస్తకం కట్టి మునిసిపాలిటీలో ఒకటి, కాలేజీలో ఒకటి దాచాలి. ఇది ఖర్చయ్యే పని కాదు, పట్టింపు కావలసిన పని. నూరేళ్ల తర్వాత సీసం మార్చేవాడికి ఆ పుస్తకమే దిక్కు.

చేతులు ఎవరివి అంటే, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి జాతీయ డిజైన్ సంస్థ ఉంది. ఈ మూడింటిలో ఒక్క చోటైనా గాజు కొలిమి వెలిగించి, ఏటా కొద్దిమంది పిల్లలకి ఈ పని నేర్పితే, వాళ్లకి మొదటి పని గుమ్మటం అవుతుంది, రెండో పని మెదక్ అవుతుంది. ఐటీఐ కుర్రాడు కూడా ఈ పని చేయగలడు. టంకం వేసే చేతికి ఇంగ్లీషు డిగ్రీ అక్కర్లేదు. సీసం విషం కాబట్టి గ్లవ్స్, గాలి పోయే ఏర్పాటు, చేతులు కడుక్కున్నాకే భోజనం, ఇవి మాత్రం మొదటి రోజు నుంచే నేర్పాలి.

అంతదాకా ఆగలేని పనులు కొన్నున్నాయి. రంగుటద్దాలున్న చర్చి కమిటీలకీ, పాత ఇళ్ల యజమానులకీ చేతులు జోడించి చెబుతున్నాను. మంచి ఎండ ఉన్న ఒక పొద్దున ప్రతి కిటికీనీ పలక పలకగా, లోపలి నుంచీ బయటి నుంచీ ఫోటోలు తీయించి దాచండి. పండగకి సున్నాలేసేటప్పుడు సబ్బునీళ్లతో, యాసిడ్‌తో అద్దాలు కడగనివ్వకండి. పట్టు వదిలిన నూరేళ్ల నాటి నల్లగీత ఒక్క గుడ్డ రాపిడికే ఊడొచ్చేయొచ్చు. కాపాడుతుందని ప్లాస్టిక్ షీటు బిగించకండి, అది పసుపెక్కుతుంది, లోపల వేడి నిలవేస్తుంది. పలక ఉబ్బినట్టు కనిపిస్తే నెట్టకండి. పని తెలిసినవాళ్లు దొరికేదాకా అలాగే ఉంచండి. ఏదైనా ముక్క రాలి పడితే దాని చోటు రాసిపెట్టి, కాగితంలో చుట్టి భద్రపరచండి. ఎంత చిన్న ముక్కైనా సరే, ఊడ్చి పారేయకండి.